మన కౌంటీ ఎకానమీని నెలనెలా గమనించడం ఎలా? కాలిన్ కౌంటీ, టెక్సస్ సంగతులు

మీరు అడిగింది ఇదీ: ఫ్రిస్కోలో అద్దెకుంటున్నారు, సెలీనా వైపు ఇల్లు కొందామా, ఆగుదామా అని ఆలోచిస్తున్నారు, వాట్సాప్ గ్రూపులో ఒకాయన "డాలస్ పనైపోయింది, అందరూ అమ్ముకుంటున్నారు" అంటే ఇంకొకాయన "ఇక్కడ రియల్ ఎస్టేట్‌కి తిరుగే లేదు" అంటున్నాడు. ఇద్దరి మాటా పక్కన పెట్టి డాలస్‌కి ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీ పరిస్థితిని నెలనెలా సొంతంగా చూసుకునే దారి ఏదైనా ఉందా అని. ఉందండి. డబ్బులు పెట్టక్కర్లేదు, నెలకి ఒక గంట కూర్చుంటే చాలు. నేను చాలా ఏళ్లుగా ఒక బ్యాంకులో చిన్న వ్యాపారాల లోన్ల విభాగంలో పనిచేస్తున్నాను, ఈ చుట్టుపక్కల కౌంటీల మీద ప్రతి నెలా లోన్ కమిటీకి ఒక పేజీ రాసివ్వడం నా పనుల్లో ఒకటి. ఆ పేజీలోకి ఏవి వెళ్తాయో, ఏవి వెళ్లవో చెబుతాను.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు, కౌంటీ విషయంలో అది కుదరదు. కౌంటీ ఎకానమీ ఇంత అని నెలనెలా చెప్పే ఒక్క అంకె ఎక్కడా లేదు. కౌంటీ జీడీపీ అని ఒకటుంది, ఫెడరల్ ప్రభుత్వం తరఫున బీఈఏ (బ్యూరో ఆఫ్ ఎకనమిక్ అనాలిసిస్) ఇస్తుంది, కానీ ఏడాదికొకసారి, సాధారణంగా డిసెంబరులో, అదీ అంతకు ముందు సంవత్సరానిది. ఇల్లు కొనాలా వద్దా అనేవాడికి అది చరిత్ర పాఠం. కాబట్టి నెలనెలా మనకి దొరికేవి గుర్తులు మాత్రమే. వాటిలో కొన్ని ఎవరో కూర్చుని నిజంగా లెక్కపెట్టినవి, కొన్ని కంప్యూటర్లో అంచనా వేసినవి. ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. రాష్ట్రం, దేశం స్థాయిలో అంచనాలు బాగానే పనిచేస్తాయి, కౌంటీ దాకా దిగేసరికి పలచబడిపోతాయి. అందుకే ఆలస్యంగా వచ్చినా సరే, లెక్కపెట్టిన అంకెకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ముందు "మన ఏరియా" అంటే ఏది అన్నది తేల్చుకోండి. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. సెలీనా కూడా రెండు కౌంటీల్లోకీ పాకింది. ప్రభుత్వ డేటాలో ప్రతి కౌంటీకి ఐదంకెల కోడ్ ఉంటుంది, కాలిన్‌ది 48085, డెంటన్‌ది 48121, డాలస్ కౌంటీది 48113. ఈ నంబర్లు రాసిపెట్టుకోండి, ఏ వెబ్‌సైట్‌లో వెతికినా ఇవే పనికొస్తాయి. వార్తల్లో "డాలస్‌లో ఉద్యోగాలు పెరిగాయి" అని వచ్చేది చాలాసార్లు కౌంటీ గురించి కాదు, డాలస్, ప్లేనో, ఇర్వింగ్ కలిపిన మెట్రో డివిజన్ గురించి, ఒక్కోసారి ఫోర్ట్ వర్త్ కూడా కలిపేస్తారు. ఇక ధరల సంగతి: కౌంటీకి ద్రవ్యోల్బణం అంకె అసలు లేదు. డాలస్, ఫోర్ట్ వర్త్, ఆర్లింగ్టన్ మొత్తానికి కలిపి ఒకటే ఇస్తారు, అదీ జనవరి, మార్చి, మే అలా రెండు నెలలకొకసారి. ఎవరైనా "కాలిన్ కౌంటీలో ఇన్‌ఫ్లేషన్ ఇంత" అని చెబితే అది ఎక్కడిదని అడగండి.

అందరూ మొదట చూసేది నిరుద్యోగ శాతం. ఫ్రెడ్ అని సెయింట్ లూయిస్ ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు శాఖల్లో ఒకటి) వాళ్ల ఉచిత సైట్ ఉంది, అందులో కౌంటీ పేరు కొడితే గ్రాఫ్ వచ్చేస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నా మట్టుకు ఇది కౌంటీ స్థాయిలో అవసరానికి మించి నమ్ముతున్న అంకె. ఎందుకో చెబుతాను. దేశం మొత్తానికి కలిపి నెలనెలా సర్వే చేసేది సుమారు 60,000 ఇళ్లనే. ఇన్ని వేల కౌంటీలున్న దేశంలో కాలిన్ వాటాకి ఎన్ని ఇళ్లు వస్తాయో మీరే ఊహించుకోండి, వాటి మీద ఆధారపడి కౌంటీ శాతం చెప్పలేరు. అందుకని రాష్ట్రం అంకె తీసుకుని, కౌంటీలో ఎంతమంది నిరుద్యోగ భృతికి క్లెయిమ్ పెట్టారు లాంటి సమాచారంతో కౌంటీలకి పంచుతారు. పైగా కౌంటీ అంకెలకి సీజన్ సర్దుబాటు ఉండదు. జూన్, జులైలో స్కూళ్లకి సెలవులు, కాలేజీ పిల్లలు ఉద్యోగాల వేటలో పడతారు, దాంతో శాతం పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. ఏటా జరిగే తంతు ఇది. మే అంకె పక్కన జూన్ అంకె పెట్టి "అయ్యో పెరిగింది" అని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లని పట్టించుకోకండి. ఈ జూన్‌ని పోయిన జూన్‌తో పోల్చాలి, అంతే.

మన తెలుగువాళ్లకి ఇందులో ఇంకో పెద్ద చిక్కుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. హెచ్ 1బీ మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే సాధారణంగా నిరుద్యోగ భృతి రాదు, ఎందుకంటే ఆ భృతికి "వెంటనే ఎక్కడైనా పనిచేయడానికి సిద్ధంగా, అర్హంగా ఉన్నాను" అని చెప్పగలగాలి, వీసా ఏమో ఒక్క యజమానికే కట్టేసి ఉంటుంది. కాబట్టి అతను క్లెయిమ్ పెట్టడు. చేతిలో ఉన్నది 60 రోజుల గ్రేస్ పీరియడ్, ఆలోపు ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతాడు, లేదంటే ఇండియా ఫ్లైట్ ఎక్కుతాడు, లేదా డిపెండెంట్ వీసాకి మారతాడు. ఈ మూడింటిలో ఏది జరిగినా కౌంటీ నిరుద్యోగ శాతంలో ఆ దెబ్బ పూర్తిగా కనపడదు. ఫ్రిస్కోలో మీ వీధిలో మూడు ఇళ్లలో లేఆఫ్ టెన్షన్ ఉండి, పేపర్లో "కాలిన్ కౌంటీ నిరుద్యోగం స్థిరం" అని వస్తే రెండూ నిజమే అయి ఉండొచ్చు. ఐటీ వాళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీలో ఈ అంకెని చూసి ధైర్యం తెచ్చుకోవడం మంచిది కాదని నేను గట్టిగా అంటాను.

ఇంకోటి, 2025 అక్టోబరు దగ్గర గ్రాఫ్‌లో ఖాళీ కనిపిస్తే మీ కంప్యూటర్ తప్పు కాదు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ఫెడరల్ షట్‌డౌన్ నడిచింది, అక్టోబరు ఇళ్ల సర్వేనే జరగలేదు, ఆ నెలకి దేశం నిరుద్యోగ శాతమే విడుదల కాలేదు.

ఉద్యోగాల లెక్క వేరే. ఇక్కడ రెండు రకాలున్నాయి. నెలనెలా వచ్చేది ఫెడరల్ కార్మిక గణాంకాల సంస్థ (బీఎల్ఎస్) చేసే కంపెనీల సర్వే, అది మెట్రో స్థాయి దాకానే, తర్వాత సవరిస్తారు. ఆ సవరణలు చిన్నవనుకోకండి, 2025 మే, జూన్ నెలలకి దేశం మొత్తం మీద ముందు చెప్పిన ఉద్యోగాల్లోంచి 2,58,000 తీసేశారు, దాని మీద ఎంత గొడవ జరిగిందో, ఆ సంస్థ కమిషనర్‌ని ఎలా తీసేశారో గుర్తుండే ఉంటుంది. రెండోది మూడు నెలలకొకసారి వచ్చే క్యూసీఈడబ్ల్యూ. పేరు నోరు తిరగదు గానీ సరుకు గట్టిది. ప్రతి యజమానీ నిరుద్యోగ బీమా పన్ను కట్టేటప్పుడు ఎంతమంది పనివాళ్లు, ఎంత జీతం అని రాసిచ్చే కాగితాల్లోంచి తీసిన లెక్క ఇది. దేశంలోని ఉద్యోగాల్లో 95 శాతానికి పైగా ఇందులోకి వస్తాయి. కౌంటీ స్థాయిలో, రంగాల వారీగా, నెలవారీ ఉద్యోగుల సంఖ్యతో సహా దొరుకుతుంది. లోపం ఒక్కటే, సుమారు ఐదారు నెలలు ఆలస్యం. నేనైతే దీన్ని అసలు లెక్కగా పెట్టుకుని, మిగతా గుర్తులన్నీ దీనితో ఎంతవరకు కలుస్తున్నాయో చూస్తుంటాను.

దీన్ని చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. నిరుద్యోగ శాతం మనిషి ఎక్కడ నిద్రపోతాడో అక్కడ లెక్క, క్యూసీఈడబ్ల్యూ మనిషి ఎక్కడ పనిచేస్తాడో అక్కడ లెక్క. ప్లేనోలో టొయోటా ఉత్తర అమెరికా హెడ్ క్వార్టర్స్ ఉంది, 2014లో ప్రకటించి 2017లో కాలిఫోర్నియా నుంచి వచ్చేశారు. పక్కనే జేపీ మోర్గాన్ చేజ్, లిబర్టీ మ్యూచువల్ క్యాంపస్‌లు. అక్కడ పనిచేసేవాళ్లు అందరూ కాలిన్‌లోనే ఉండరు, డెంటన్ నుంచీ డాలస్ నుంచీ వస్తారు. అటుపక్క మన ఫ్రిస్కో జనంలో బోలెడుమంది ఇర్వింగ్ వైపు వెళ్తారు, అది డాలస్ కౌంటీ. కాబట్టి ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్‌లో ఏదైనా కంపెనీ ఉద్యోగాలు కుదిస్తే కాలిన్ ఉద్యోగాల లెక్క కదలదు, కాలిన్ ఇళ్ల మార్కెట్ కదులుతుంది. మీకు కావలసింది ఇళ్ల సంగతి కనుక మూడు కౌంటీలూ చూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది: సేల్స్ ట్యాక్స్. టెక్సస్‌లో 8.25 శాతం కడతాం కదా, అందులో 6.25 రాష్ట్రానిది, మిగిలిన 2 స్థానికం. స్థానిక వాటా ఏ ఊరికి ఎంత పంపారో రాష్ట్ర కంట్రోలర్ (రాష్ట్ర పన్నులు వసూలు చేసే అధికారి) ప్రతి నెలా సైట్‌లో పెడతారు, డాలర్లతో సహా, పోయిన ఏడాది అదే నెలతో పోలిక కూడా పక్కనే ఉంటుంది. ఇది సర్వే కాదు, అంచనా కాదు, చేతులు మారిన డబ్బు. కాలిన్ కౌంటీ తన పేరు మీద సేల్స్ ట్యాక్స్ వేయదు, అందుకని కౌంటీ లిస్టులో వెతికితే దొరకదు, ఊళ్ల లిస్టులో ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్, ప్రాస్పర్, సెలీనా, వైలీ ఇలా ఒక్కొక్కటీ తీసి కలుపుకోవాలి.

కలిపేటప్పుడు ఒక మెలిక. ప్లేనోలో ఆ 2 శాతంలో 1 ఊరికి, 1 డార్ట్ రవాణా సంస్థకి వెళ్తుంది. ఫ్రిస్కోలో 1 ఊరి ఖజానాకి, చెరో అర శాతం ఊరి ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్‌కీ, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కీ వెళ్తుంది, కంట్రోలర్ లిస్టులో మాత్రం 2 శాతం మొత్తం ఫ్రిస్కో పేరు మీదే కనిపిస్తుంది. అంటే వంద డాలర్ల బిర్యానీ బిల్లు మీద ప్లేనో పేరున ఒక డాలరు, ఫ్రిస్కో పేరున రెండు డాలర్లు. ఈ సంగతి తెలియకుండా రెండూళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి "ఫ్రిస్కో ప్లేనోని దాటేసింది" అనేవాళ్లని చూశాను. ఫ్రిస్కో అంకెని 0.02తో, ప్లేనో అంకెని 0.01తో భాగించండి, అప్పుడు ఆ ఊళ్లో సుమారుగా ఎంత అమ్మకం జరిగిందో వస్తుంది, అది పోల్చుకోండి. ఫ్రిస్కో మొత్తంలో డెంటన్ వైపు అమ్మకాలు కూడా ఉంటాయి, దాన్ని విడదీయలేరు, అలాగే వదిలేయండి.

తర్వాత నెలల సంగతి. డిసెంబరులో మీరు కొన్న టీవీ పన్నుని షాపువాడు జనవరి 20కల్లా కడతాడు, ఊరికి ఫిబ్రవరిలో చేరుతుంది. అంటే ఏ నెల చెక్కు చూసినా రెండు నెలల వెనక అమ్మకం అన్నమాట. క్రిస్మస్ సందడి ఫిబ్రవరిలో కనిపిస్తుంది, దాన్ని చూసి ఫిబ్రవరిలో జనం విరగబడి కొన్నారనుకోకూడదు. పైగా చిన్న షాపుల్లో చాలామంది మూడు నెలలకొకసారి కడతారు, వాళ్ల డబ్బు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు చెక్కుల్లో కలుస్తుంది, కాబట్టి ఆ నాలుగూ ఎప్పుడూ లావుగానే ఉంటాయి. మళ్లీ అదే సూత్రం, పోయిన ఏడాది అదే నెలతోనే పోలిక. ఒక్కోసారి ఒక ఊరికి ఉన్నట్టుండి పెద్ద మొత్తం రావడమో కోత పడటమో జరుగుతుంది, అది ఏదో కంపెనీ ఆడిట్‌లో తేలిన పాత బాకీ సర్దుబాటు అయి ఉంటుంది. అందుకే ఒక నెల చూసి ఏమీ అనను, మూడు నెలలు కలిపి పోయిన ఏడాది అవే మూడు నెలలతో చూస్తాను. ఇందులోకి ఏవి రావో కూడా తెలియాలి. బియ్యం, పప్పు, కూరగాయలకి టెక్సస్‌లో పన్ను లేదు, కాబట్టి పటేల్ బ్రదర్స్ ఎంత కిటకిటలాడినా ఇందులో పెద్దగా కనపడదు, పక్కనున్న రెస్టారెంట్ కనపడుతుంది. కారు కొంటే కట్టే 6.25 శాతం వేరే పన్ను, ఊళ్లకి రాదు. అద్దె, ఇంటి ఈఎమ్ఐ అసలే రావు. అంటే ఇది జనం మానుకోగలిగిన ఖర్చుల కొలత, మనకి కావలసింది కూడా అదే, ఎందుకంటే ఉద్యోగ భయం పట్టుకున్న కుటుంబం మొదట కోసేది బియ్యం కాదు, బయట భోజనం, కొత్త సోఫా. ధరల పెరుగుదల తీసేసి చూడటం మర్చిపోకండి. అమ్మకాలు రెండు శాతం పెరిగి ధరలు మూడు శాతం పెరిగితే అది తగ్గుదలే. జనాభా కూడా: 2010లో 7,82,341 ఉన్న కాలిన్ 2020 జనగణనకి 10,64,465 అయింది, ఇలా పెరిగే చోట అమ్మకాలు ఏ కొంచెమో పెరగడం సహజం, పెరగకపోతేనే అడగాలి.

రంగాల వారీగా కావాలంటే, రెస్టారెంట్లు ఎంత, ఫర్నిచర్ ఎంత అని, కంట్రోలర్ సైట్‌లోనే మూడు నెలల లెక్కలు కౌంటీ పేరుతో దొరుకుతాయి. ఎవరైనా ప్లేనోలో టిఫిన్ సెంటర్‌కి లీజు రాసుకునే ముందు ఒక పూట అది చదివితే బాగుంటుందని నా కోరిక, ఎవరూ చదవరు.

ఇక ఇళ్లు. ఇక్కడ జనాన్ని ఎక్కువ తికమక పెట్టేది ఏప్రిల్‌లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే ఉత్తరం. అది జనవరి 1 నాటి విలువ, పన్ను కోసం వేసింది, సాధారణంగా మే 15 లోపు దాని మీద ప్రొటెస్ట్ చేసుకునే హక్కు మీకుంది, అంతవరకే. మార్కెట్ ఎటు పోతోందో అది చెప్పదు. టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి చెప్పాలన్న చట్టం లేదు, కాబట్టి అమ్మకపు ధరలు ఏజెంట్ల లిస్టింగ్ వ్యవస్థలోనే ఉంటాయి. వాటిని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలోని రియల్ ఎస్టేట్ రీసెర్చ్ సెంటర్ కౌంటీల వారీగా నెలనెలా ఇస్తుంది. ఫ్రెడ్‌లో రియల్టర్ డాట్ కామ్ డేటా ఉంది, 2016 జులై నుంచి, ఎన్ని ఇళ్లు అమ్మకానికి ఉన్నాయి, ఎన్ని రోజులు పడి ఉంటున్నాయి, అడుగుతున్న ధర ఎంత అని. ఈ మూడింటిలో ధరని ఆఖరున చూడండి. అమ్మేవాళ్లకి ధర దించడానికి మనసు ఒప్పదు, ముందు పడి ఉన్న ఇళ్ల సంఖ్య పెరుగుతుంది, తర్వాత రోజులు పెరుగుతాయి, ఆ తర్వాతే ధర వంగుతుంది. కొత్త ఇళ్లలో బిల్డర్ ధర దించకుండా వడ్డీ తగ్గించి ఇస్తాడు, క్లోజింగ్ ఖర్చులు పెట్టుకుంటాడు, ఆ తగ్గింపు ఏ అంకెలోనూ కనపడదు. సెలీనాలో మోడల్ హోమ్‌కి వెళ్లి "ఇప్పుడు ఏమిస్తున్నారు" అని అడిగితే తప్ప తెలియదు.

సెన్సస్ వాళ్లు నెలనెలా ఇచ్చే బిల్డింగ్ పర్మిట్లు కూడా చూస్తాను, కానీ జాగ్రత్తగా. ఒక్క అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌కి పర్మిట్ వస్తే ఆ నెల మూడు వందల యూనిట్లు ఎగిరిపడతాయి, అందుకని విడి ఇళ్లనే వేరుగా తీసుకోండి. కొన్ని ఊళ్లు నెలనెలా పంపవు, వాటికి సెన్సస్ అంచనా వేసి నింపుతుంది. మన కౌంటీలోనే ఉన్న ప్రిన్స్‌టన్ కథ వినే ఉంటారు, జనాభా 2023 జులై నుంచి 2024 జులై వరకు 30.6 శాతం పెరిగి, 20,000కి పైగా జనం ఉన్న ఊళ్లలో దేశంలోనే అన్నిటికంటే వేగంగా పెరిగిన ఊరిగా సెన్సస్ లెక్కలోకెక్కింది. అదే ఊరు 2024 సెప్టెంబరులో నీళ్లు, రోడ్లు, పోలీసు సరిపోవడం లేదని కొత్త నివాస ప్రాజెక్టుల దరఖాస్తులు ఆపేసింది. ఇలాంటి చోట పర్మిట్లు పడిపోతే గిరాకీ పడిపోయిందని రాస్తే తప్పు. అటు ఉత్తరాన అలా ఉంటే, దక్షిణాన పాత ప్లేనోలో పిల్లలు తగ్గిపోయి ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని నిర్ణయించింది. ఒకే కౌంటీ, సగటు తీస్తే రెండు కథలూ మాయమైపోతాయి.

నేను ఎవరికి చెప్పినా ఆశ్చర్యపోయే గుర్తు ఇంకోటి ఉంది, ఫోర్‌క్లోజర్ నోటీసులు. టెక్సస్‌లో బ్యాంకు జప్తు చేసే ఇళ్ల వేలం ప్రతి నెలా మొదటి మంగళవారమే జరగాలి, కనీసం 21 రోజుల ముందు నోటీసు కౌంటీ క్లర్క్ దగ్గర దాఖలు చేసి బయట పెట్టాలి, అది చట్టం. మన కౌంటీకి మెకిన్నీలో. ఎవరైనా చూడొచ్చు. నోటీసు తెరిస్తే మొదట కనిపించేది లోన్ రాసుకున్న తేదీ, కొన్నిటిలో అసలు మొత్తం, లోన్ ఇచ్చినవాళ్ల పేరు, ఇంటి వివరం. నేను పేర్లు చూడను, నాకు కావలసింది తేదీ. 2012 నాటి లోన్ అయితే అది ఆ కుటుంబం సొంత కష్టం, రోగమో విడాకులో. 2022 నాటి లోన్లు గుంపుగా కనిపించడం మొదలైతే, ఎక్కువ ధరకి కొని ఇప్పుడు అమ్మినా అప్పు తీరని పరిస్థితిలో కొందరు ఇరుక్కున్నారని అర్థం, ఇది మార్కెట్ సంగతి. ఒకే సబ్‌డివిజన్ పేరు మళ్లీ మళ్లీ వస్తోందా అన్నది కూడా చూడండి. లెక్కపెట్టేటప్పుడు మాత్రం నోటీసు అంటే వేలం కాదని గుర్తుంచుకోవాలి, చాలామంది ఈలోపు బాకీ కట్టేస్తారు, లేదా బ్యాంకుతో మాట్లాడుకుంటారు, లేదా వాయిదా పడి అదే ఇల్లు వచ్చే నెల మళ్లీ వస్తుంది, దాన్ని రెండోసారి లెక్కపెట్టకూడదు.

లేఆఫ్‌ల ముందస్తు సమాచారానికి వార్న్ నోటీసులు. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ సైట్‌లో కంపెనీ పేరు, కౌంటీ, ఎంతమంది, ఏ తేదీ నుంచి అని లిస్టు ఉంటుంది. 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం వంద లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న యజమాని పెద్ద ఎత్తున తీసేసేటప్పుడు 60 రోజుల ముందు చెప్పాలి. కానీ ఒకే చోట కనీసం 50 మంది పోతేనే ఇది వర్తిస్తుంది, 90 రోజుల్లోపు విడతలని సాధారణంగా కలిపే లెక్కేస్తారు గానీ, కంపెనీలు ఇరవైమంది చొప్పున అంతకంటే ఎడంగా పంపిస్తే ఇందులోకి రాదు. క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేసి మనవాళ్లు నలభైమంది బెంచ్ మీదకి వస్తే అది కూడా రాదు, ఎందుకంటే క్లయింటు దృష్టిలో వాళ్లు ఉద్యోగులే కాదు. కాబట్టి ఈ లిస్టులో పేరుంటే నమ్మండి, పేర్లు లేవని నిశ్చింతగా ఉండకండి.

మనవాళ్లకే పనికొచ్చే డేటా ఒకటి కార్మిక శాఖ మూడు నెలలకొకసారి పెడుతుంది, ఎల్‌సీఏ ఫైలు. హెచ్ 1బీకి యజమాని ముందుగా పెట్టే దరఖాస్తులన్నీ అందులో ఉంటాయి, పనిచేసే చోటు ఏ కౌంటీ అన్న కాలమ్‌తో సహా. ఎక్సెల్‌లో కాలిన్ అని ఫిల్టర్ పెడితే చాలు. ఒక దరఖాస్తు అంటే ఒక ఉద్యోగం కాదు, పనిచేసే ఏరియా మారితే కొత్తది పెడతారు, కొన్నిటికి వీసా దాకా వెళ్లరు. అయినా పోయిన ఏడాది అదే మూడు నెలలతో పోలిస్తే ఐటీ గిరాకీ ఏ వైపు ఉందో వాసన తగులుతుంది. నిరుద్యోగ శాతంలో కనపడని మన జనం కొంతైనా కనపడేది ఇక్కడే.

డాలస్ ఫెడ్ ప్రతి నెలాఖరుకి కంపెనీలని అడిగి తయారీ మీద ఒకటి, సర్వీసుల మీద ఒకటి సర్వే ఇస్తుంది. అది రాష్ట్రం మొత్తానిది, కౌంటీది కాదు. నేను పైన సూచీని వదిలేసి కింద కంపెనీలవాళ్లు పేరు లేకుండా రాసే వ్యాఖ్యలు చదువుతాను, మిగతా డేటాలో మూడు నెలల తర్వాత కనిపించేది అక్కడ ఒక వాక్యంలో ముందే దొరుకుతుంది.

ఇవన్నీ ఎలా కలపాలంటే, ఒక షీట్ తెరవండి, నెలకి ఒక వరుస. కాలమ్‌లు ఆరేడు చాలు: ఊళ్ల సేల్స్ ట్యాక్స్ మొత్తం, అమ్మకానికి ఉన్న ఇళ్లు, పడి ఉన్న రోజులు, విడి ఇళ్ల పర్మిట్లు, ఫోర్‌క్లోజర్ నోటీసులు, వార్న్‌లో మూడు కౌంటీల మనుషుల సంఖ్య, నిరుద్యోగ శాతం (దాన్ని పెట్టకపోతే అందరూ అడుగుతారు కాబట్టి). ప్రతిదానికీ పక్కన పోయిన ఏడాదితో తేడా. అంకె ఏ తేదీన రాసుకున్నారో కూడా వేసుకోండి, ఎందుకంటే తర్వాత సవరిస్తారు, సవరించినప్పుడు పాతదాన్ని చెరపకుండా కొత్తది పక్క కాలమ్‌లో రాయండి. ఏడాది గడిస్తే ఏ అంకె ఎప్పుడూ తర్వాత కిందకి వస్తుందో మీకే తెలుస్తుంది, ఆ జ్ఞానం ఏ డాష్‌బోర్డూ ఇవ్వదు. నెలనెలా డబ్బు కట్టమనే యాప్‌లు చాలావరకు ఈ ఉచిత డేటానే రంగులేసి చూపిస్తాయి.

ఎప్పుడు కంగారు పడాలి అంటారేమో. ఒక్క కాలమ్ చెడితే నేను పట్టించుకోను. డబ్బు ఖర్చుకి సంబంధించినది ఒకటి, ఇళ్లకి సంబంధించినది ఒకటి, ఉద్యోగాలకి సంబంధించినది ఒకటి, ఈ మూడూ మూడు నెలల పాటు ఒకే వైపు జారితే అప్పుడు పేజీలో పైన పెట్టి కమిటీకి చెబుతాను. ఇళ్లు మాత్రమే జారి మిగతా రెండూ నిలబడితే అది సాధారణంగా వడ్డీ రేట్ల కథ, లేదా బిల్డర్లు మరీ ఎక్కువ కట్టేసిన కథ, కొనేవాడికి అది మంచి రోజు కూడా కావచ్చు.

మీ ఇల్లు సంగతికి వస్తే, సెలీనాలో కొనేముందు కౌంటీ అంకెల కన్నా ముందు రెండు చూడండి. ఒకటి ఆ సబ్‌డివిజన్ మీద మడ్ లేదా పిడ్ పన్ను (కొత్త కాలనీల్లో నీళ్లు, డ్రైనేజీ, రోడ్ల లాంటి ఏర్పాట్ల కోసం అదనంగా వేసేది) ఉందా, ఉంటే ఎంత, ఎన్నేళ్లు. ఏజెంట్ మామూలు ప్రాపర్టీ ట్యాక్స్ శాతం చెప్పి ఊరుకుంటాడు, ఇది కలిపితే నెలనెలా కట్టాల్సిన మొత్తం మారిపోతుంది. రెండోది, మీ ఇంట్లో ఇద్దరి జీతాలూ ఒకే రకం క్లయింట్ల మీద ఆధారపడి ఉన్నాయా అన్నది, ఉంటే కౌంటీ ఎంత బాగున్నా మీకు ఎమర్జెన్సీ ఫండ్ ఎక్కువ కావాలి. ఇక ఆగుదామనుకుంటే మీరున్న అపార్ట్‌మెంట్ ఆఫీసుకి లీజు రెన్యువల్‌కి వెళ్లేముందు చుట్టుపక్కల కాంప్లెక్సుల్లో కొత్తవాళ్లకి ఎన్ని వారాలు ఉచితం ఇస్తున్నారో ఫోన్ చేసి కనుక్కోండి. ఆరు వారాలు, ఎనిమిది వారాలు అంటుంటే ఖాళీలు ఎక్కువున్నాయి, గట్టిగా బేరమాడండి, అద్దె తగ్గించమని అడగండి, ఆ మిగిలిన డబ్బు డౌన్ పేమెంట్‌లోకి వేసుకుని ఇంకో ఆరు నెలలు ఈ షీట్ నింపుతూ చూడొచ్చు. షీట్ మొదలుపెట్టాక ఏ కాలమ్ దగ్గరైనా చిక్కుపడితే ఇక్కడే రాయండి, ముఖ్యంగా ఊళ్ల సేల్స్ ట్యాక్స్ కలపడం దగ్గర, మొదటిసారి అందరూ అక్కడే ఆగుతారు.